కత్తెర కాళ్ల వెంట తడ దాకా

బెజవాడ ఆటోనగర్‌లో మాట వినపడాలంటే అరవాలి. పొద్దున తొమ్మిది కాకముందే లారీ బాడీల మీద సుత్తి దెబ్బలు, గ్రైండర్ల కీచులు, రోడ్డు మీదికే చిమ్మే వెల్డింగు రవ్వలు. కమాను కట్టల కొట్లు, రేడియేటర్ల కొట్లు దాటుకుని మా మేనల్లుడు హోస్ పైపుల కొట్టు ముందు వ్యాను ఆపాడు. నల్లటి రబ్బరు గొట్టాన్ని కొలిచి కోయించి, రెండు కొసలకీ ఇనప ఫిట్టింగులు తొడిగించి, ప్రెస్సులో పెట్టి నొక్కించాలి. దీన్ని క్రింపింగ్ అంటారు. కొట్టాయన మీట నొక్కుతుంటే మావాడు పక్కనే నిలబడి ఫిట్టింగు మందాన్ని కాలిపర్స్‌తో కొలిచి చూస్తున్నాడు.

"ఇన్నేళ్ల నుంచీ చేస్తున్నా, నన్ను నమ్మవేంటి తమ్ముడూ?"

"నిన్ను నమ్ముతానన్నా. గొట్టాన్నే నమ్మను."

వీడి ఉద్యోగం హైడ్రాలిక్ సిజర్ టేబుళ్ల సర్వీసు. ఈ కోస్తా రోడ్డు పొడుగునా ఏ ఫ్యాక్టరీలో, ఏ గోడౌన్లో టేబుల్ మొరాయించినా ఫోను వీడికే వస్తుంది. నేను వ్యాను ఎక్కింది మాత్రం పులికాట్‌లో ఫ్లెమింగోలను చూద్దామని. ఎండలు ముదిరితే అవి వెళ్లిపోతాయి. "పక్షుల్ని చూపిస్తా మావయ్యా, కాకపోతే దారిలో నా పనులు చూసుకుంటూ పోవాలి" అన్నాడు. పనులు చూడడంలో నాకేం నష్టం? ఇంకొకరు ఒళ్లొంచి పని చేస్తుంటే నిలబడి చూడడం మా వంశంలో అందరికీ ఇష్టమే.

సిజర్ టేబుల్ ఎరగనివాళ్లు పాత కొట్లకుండే కొలాప్సిబుల్ గేటుని తలుచుకోవాలి. ఆ గేటు పక్కలకి సాగే బదులు పైకి సాగేలా తిప్పి, మీద ఒక ఇనపపలక పరిస్తే అదే ఇది. రెండు వైపులా ఇంటూ గుర్తులా ఒకదాన్నొకటి దాటే కాళ్లు, మధ్యలో పిన్ను. కాళ్లకి ఒక కొస కీలుకి బిగించి ఉంటుంది, రెండో కొస చిన్న చక్రం మీద పట్టాలో జరుగుతుంది. పంపు నూనెని సిలిండరులోకి తోస్తే కాళ్లు దగ్గరికి జరిగి పలక లేస్తుంది. వాల్వు తెరిచి నూనెని వెనక్కి వదిలితే దిగుతుంది. లేవడానికి పంపు నడవాలి, దిగడానికి ఏమీ అక్కర్లేదు. కరెంటు పోయినా, స్విచ్చి కట్టేసినా, మోటారు ఊడదీసి పట్టుకుపోయినా, నూనెకి దారి దొరికితే అది దిగుతుంది. ఈ సంగతి దాని పక్కన రోజూ పనిచేసేవాళ్లందరికీ తెలుసు. కింద చెయ్యి పెట్టేటప్పుడు మాత్రం ఎవరికీ గుర్తుకురాదు. వీడి వెంట తిరిగాక నాకు అర్థమైంది ఇదే.

కొట్టాయన నొక్కుతున్న ఆ గొట్టంలో నూనె 150 బార్ల ఒత్తిడితో నడుస్తుంది. మన కారు టైరులో ఉండేది రెండు బార్లు, ఆపైన చిల్లర. 80 మిల్లీమీటర్ల లోవ్యాసమున్న సిలిండరు చాలు, 150 బార్లతో ఏడున్నర టన్నుల తోపు వస్తుంది. అలాంటి గొట్టానికి సూదిమొనంత చిల్లు పడితే నూనె బొట్లుబొట్లుగా కారదు, కంటికి ఆనని సన్నటి ధారగా చిమ్ముతుంది. ఎక్కడ కారుతోందా అని వేలు పెట్టి తడిమితే ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి కనిపించేది చిన్న ఎర్రమచ్చ. నెప్పి కూడా అంతగా ఉండదట మొదట్లో. గంటలు గడిచేకొద్దీ లోపల కండ చచ్చిపోతుంది. ఆ దెబ్బ తగిలినవాడు ఆయింట్‌మెంటు రాసుకుని ఇంటికి పోకూడదు, వెంటనే సర్జన్ దగ్గరికి పోవాలి. కొట్టాయన పని ఆపి తన ఎడమ చూపుడువేలు ఎత్తి చూపించాడు. పై కణుపు లేదు. "అట్టముక్క పెట్టి చూడాలని నాకు అప్పుడు చెప్పినోడు లేడు సార్" అన్నాడు.

గొట్టం పగిలితే పలక దభీమని పడకుండా ఒక చిన్న వాల్వు ఉంటుంది. నూనె ఉండాల్సిన వేగం కంటే ఎక్కువగా బయటికి దూకిందంటే అది తనంతట తనే మూసుకుంటుంది. దాని చోటు సిలిండరు మూతి. కొందరు మెకానిక్కులు చెయ్యి సులువుగా అందుతుందని పంపు దగ్గర బిగిస్తారు. మధ్యలో గొట్టం పగిలితే పంపు దగ్గరున్న వాల్వు ఎవరిని కాపాడుతుంది?

మొదటి పని అక్కడికి దగ్గర్లోనే, పుస్తకాలు అచ్చేసే ప్రెస్సులో. బెజవాడలో ప్రెస్సు అంటే నాకు పుట్టిల్లు లాంటిది. వెనకటికి రీముల్ని భుజాన వేసుకుని మేడ మెట్లెక్కిన కుర్రాళ్లు నాకు తెలుసు. వాళ్లలో నలభై దాటాక నడుం నిటారుగా నిలిచినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. డబుల్ డెమీ 70 జీఎస్ఎం కాగితం రీము ఒకటి 18 కిలోల దాకా తూగుతుంది. అదేం బరువు అనిపిస్తుంది. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం మీద పనిచేసే నియోష్ అనే సంస్థ 1991లో సవరించిన లెక్కలో, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు మనిషి ఎత్తదగ్గ బరువు 23 కిలోలు. ఆ అనుకూలాలే అసలు కథ. బరువు నేల నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి, ఒంటికి ఆనుకుని ఉండాలి, నడుం పక్కకి తిప్పకూడదు, మాటిమాటికీ ఎత్తకూడదు. ఒక్కో షరతు తప్పేకొద్దీ 23 తరుగుతూ పోతుంది. నేల మీది రీముని వంగి ఎత్తి, నడుం తిప్పి, కటింగు మిషను మీద పెట్టేవాడికి 18 కిలోలు తక్కువ బరువేం కాదు.

అక్కడి టేబుల్‌కి మోటారు లేదు. నాలుగు చక్రాల బండి, కాలితో తొక్కే పంపు. రీములు తరిగిన కొద్దీ కటింగు కుర్రాడు నాలుగు తొక్కులు తొక్కుతాడు, దొంతర పైభాగం మళ్లీ అతని నడుం ఎత్తుకి వస్తుంది. వంగడమే లేదు. ఇంత చిన్న ఏర్పాటు ఇరవై ఏళ్ల ముందు వచ్చుంటే బాగుండేదని నేను అంటుంటే మావాడు వినిపించుకోకుండా బండి కిందికి దూరి చక్రాల బ్రేకులు చూస్తున్నాడు. ఒక బ్రేకు పట్టడం లేదు. ఆ కుర్రాడికి ఇంకో అలవాటుంది, టేబుల్‌ని పూర్తిగా లేపి ఉంచే ఈ గది నుంచి ఆ గదికి తోసుకుపోతాడు. గడపకి చక్రం తగిలిందంటే కాగితాలన్నీ ముందుకి ఒరుగుతాయి, వెనకాలే బండీ. "దించి తోయి, చేరాక లేపు" అని రెండుసార్లు చేయించి చూశాడు. కుర్రాడు తల ఊపాడు. మేము వ్యాను ఎక్కేటప్పుడు వెనక్కి చూస్తే లేపే తోస్తున్నాడు.

వారధి మీద కృష్ణ దాటి, మంగళగిరి కొండ వెనక్కి పోయాక గుంటూరు ఎక్కడ మొదలవుతుందో కళ్లు మూసుకుని చెప్పొచ్చు. ఫాల్గుణమాసంలో మిర్చి యార్డుకి నాలుగు దిక్కులా ఘాటు కమ్ముకుని ఉంటుంది. నేను తుమ్ముతూనే కోల్డు స్టోరేజీలోకి అడుగుపెట్టాను. లోపల హమాలీలు ముక్కులకి తువ్వాళ్లు చుట్టుకుని టిక్కీలు మోస్తున్నారు. ఒక్కో టిక్కీ 40 కిలోల పైచిలుకు. లారీ ఎత్తుకి చెక్క వాల్చి, దాని మీద మనిషి వెనక మనిషి. చెక్క కిందికి వంగి లేస్తుంటే ఆ ఊపుని బట్టే అడుగు వేస్తారు.

ఓనరుగారు నిరుడు ఒక సిజర్ టేబుల్ పెట్టించారు. లారీ తలుపు దగ్గర దాన్ని లారీ ఎత్తుకి లేపి, టిక్కీలని దొర్లించి, కిందికి దించి, ట్రాలీ మీదికి మార్చాలి. చెక్కెక్కే పని పోతుంది. ముఠా మేస్త్రి మాత్రం ఆ టేబుల్ని ఇంటికొచ్చిన కొత్త కోడలిని చూసినంత అనుమానంగా చూస్తున్నాడు.

"బస్తాకింత అని మా కూలీ. ఇది వచ్చాక బస్తాకి తగ్గిస్తామంటే ఏం చెయ్యాలయ్యా మేము?"

నా దగ్గర జవాబు లేదు, మావాడి దగ్గరా లేదు. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. నడుముల్ని కాపాడే యంత్రం కొనేటప్పుడు కూలీ రేటు సంగతి కూడా అదే రోజు మాట్లాడుకోకపోతే, ఆ యంత్రాన్ని ఆ నడుములే ఒప్పుకోవు. మేస్త్రి మనుషులు టేబుల్‌ని వాడుతున్నారు గానీ టిక్కీలతో పాటు తామూ దాని మీదెక్కి పైకి పోతున్నారు. చెక్క ఎక్కే శ్రమ తప్పుతుందని. అది సరుకు కోసం చేసిన టేబుల్. చుట్టూ రెయిలింగు లేదు, తలుపు లేదు, మనిషికి కావలసిన కట్టుదిట్టం ఏదీ లేదు. పైన నిలబడి టిక్కీ లాగుతూ ఒక అడుగు వెనక్కి వేస్తే లారీ ఎత్తు నుంచి సిమెంటు నేల మీదికి పడాల్సిందే. మనుషుల్ని ఎత్తే సిజర్ లిఫ్టులు వేరే ఉన్నాయి, కంచెతో, తొట్టితో. పోలిక కాళ్లలోనే.

అంతకంటే మావాడికి కోపం తెప్పించింది ఒక తీగముక్క. పలక అంచు కింద నాలుగువైపులా సన్నటి ఇనప బద్దీ వేలాడుతుంటుంది. దిగేటప్పుడు దానికి కాలో, బస్తానో తగిలితే టేబుల్ ఆగిపోవాలి. టో గార్డు అంటారు. ఇక్కడ కింద పడ్డ టిక్కీలు తగిలి అది ఊరికే ఆగిపోతోందని ఎవరో బద్దీని పైకెత్తి బైండింగు వైరుతో పలకకి కట్టేశారు. చుట్టూ మిరపకాయల తొడిమలూ దుమ్మూ పేరుకుని ఆ తీగ కనపడనే కనపడదు.

"ఎవరు కట్టారు?" అని అడిగాడు. పదిమంది పది దిక్కులు చూశారు. మావాడు ఏమీ అనకుండా కటింగు ప్లేయరు తీసి వైరు తెంపి, చిన్న కొయ్యముక్కని బద్దీ కింద నిలబెట్టి టేబుల్ దించాడు. తగిలింది, ఆగింది. మేస్త్రిని పిలిచి ఆ కొయ్యముక్క చేతికిచ్చాడు. "రోజూ పొద్దున్నే ఇట్లా పెట్టి చూడు బాబాయ్. ఆగకపోతే ఆ రోజు చెక్కే వేసుకోండి." మేస్త్రి కొయ్యముక్కని తిప్పి చూసి జేబులో పెట్టుకున్నాడు. చెక్క మీదికే పొమ్మనే మెకానిక్కుని ఆయన మొదటిసారి చూసి ఉంటాడు.

దారిలో చిలకలూరిపేట దగ్గర టీ తాగుతూ చట్టం సంగతి అడిగాను. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఎత్తే యంత్రాలని రెండు సెక్షన్లలో పెట్టింది. 28వ సెక్షన్‌లో లిఫ్టులు, హాయిస్టులు. వాటిని ఆరు నెలలకోసారి నిపుణుడు పరీక్షించాల్సి ఉండేది. 29వ సెక్షన్‌లో క్రేన్లు, విన్చులు వగైరా. వాటికి పన్నెండు నెలలు. లిఫ్టు అంటే ఏమిటో కూడా రాశారు: పలకో బోనో ఉండి, అది గైడ్ల మధ్య కదలాలి. సిజర్ టేబుల్‌కి పలక ఉంది, గైడ్లు లేవు. క్రేన్ల జాబితాలో దాని పేరూ లేదు. "అందుకని నా కస్టమర్లలో కొందరు ఇది రెండిట్లోనూ లేదు తమ్ముడూ, నువ్వు రానక్కర్లేదు అనేవాళ్లు మావయ్యా" అని నవ్వాడు. నాకైతే అది నవ్వులాట అనిపించలేదు. పేరు లేనంత మాత్రాన యంత్రానికి అరుగుదల ఆగుతుందా? తప్పించుకునే అవకాశం ఉన్న చోట మనవాళ్లు చట్టాన్ని భలే శ్రద్ధగా చదువుతారు.

ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డులో చీమకుర్తికి మళ్లాం. రోడ్డు పక్క చెట్ల ఆకులన్నీ తెల్లగా ఉంటాయక్కడ, రాతిపొడి. నల్లటి రాతిలో రాగిరంగు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైటు ఈ గోతుల్లోంచే దేశాలు పోతుంది. చెన్నైలోనో దుబాయిలోనో ఏ హోటల్ నేల మీదో దాన్ని తొక్కి వచ్చిన మనవాళ్లు అది ఒంగోలు పక్క రాయని ఎరగరు.

ఇక్కడి ఫిర్యాదు: బరువు పెట్టాక టేబుల్ అడుగు నుంచి లేవడం లేదు. కొంచెం లేపి ఉంచి బరువు పెడితే బ్రహ్మాండంగా పైకి పోతోంది. "కాబట్టి పంపు మంచిదే, ఇంకేదో ఉంది" అని సూపర్‌వైజరు తీర్మానం. మావాడు రాతిపొడి పట్టిన బల్ల మీద వేలితో ఇంటూ గుర్తు గీశాడు. ఒకటి బాగా చదునుగా, ఇంకొకటి నిటారుగా. సిలిండరు అడ్డంగా తోస్తుందనుకుంటే, కాళ్లు నేలకి 45 డిగ్రీల వంపులో ఉన్నప్పుడు టన్ను బరువుకి టన్ను తోపు సరిపోతుంది. 30 డిగ్రీల దగ్గర టన్నుకి 1.7 టన్నులు కావాలి. 10 డిగ్రీల దగ్గర 5.7 టన్నులు. కాళ్లు ఇంకా చదునై ఆరు డిగ్రీల కిందికి పోతే పది రెట్లు. అందుకే సిలిండరుని ఏటవాలుగా బిగించి ఈ భారాన్ని కొంత తగ్గిస్తారు, పూర్తిగా తప్పించలేరు. టేబుల్‌కి అన్నిటికంటే కష్టమైన క్షణం నేల విడిచే మొదటి జానెడే.

"అంటే మీరు పెట్టే బరువు దాని శక్తికి మించిపోయిందని అది మీకు చెబుతోంది సార్."

లెక్క చూశాం. రెండు సెంటీమీటర్ల మందమున్న గ్రానైటు చదరపు మీటరుకి 60 కిలోల దాకా తూగుతుంది. 60 సెంటీమీటర్ల చదరం పలక ఒకటి 21 కిలోల పైమాటే. రెండు టన్నుల టేబుల్ మీద 90 పలకలు పెట్టొచ్చు. ఇక్కడ 120 పేరుస్తున్నారు. మొదట 90తోనే మొదలుపెట్టారట. ఎగుమతి తొందరలో ఒక్కో వరస పెరిగింది. టేబుల్ మొరాయించగానే ఎవరో లోకల్ మెకానిక్కుని పిలిస్తే ఆయన రిలీఫ్ వాల్వుని స్క్రూడ్రైవరుతో రెండు చుట్లు బిగించి పోయాడు. కొన్నాళ్లు లేచింది. ఇప్పుడు మళ్లీ లేవడం లేదు. రిలీఫ్ వాల్వు ఉన్నదే బరువు మీరితే నూనెని పక్కకి వదిలేసి గొట్టాన్నీ కాళ్లనీ కాపాడడానికి. దాన్ని బిగిస్తే టేబుల్ బలం పెరగదు. మొదట విరిగేది మాత్రం మారుతుంది.

ఏం విరగబోతోందో కింద చూస్తే తెలిసింది. పలకల్ని ఫోర్క్‌లిఫ్టు ఎప్పుడూ ఒకే పక్క నుంచి తెచ్చి ఆ అంచు మీదే దింపుతోంది. టేబుల్ మీద కొట్టిన రెండు టన్నుల అంకె పలకంతా సమానంగా పరుచుకున్న బరువుకి. అంచు మీద మోపే బరువుకి తయారీదారులు వేరే, చాలా తక్కువ హద్దు రాస్తారు. ఆ రెండో అంకె చదివినవాణ్ణి తానింతవరకూ చూడలేదని మావాడంటాడు. ఒక పక్క చక్రం అంచు పూర్తిగా అరిగి కత్తివాదరలా మెరుస్తోంది, మధ్య పిన్ను రంధ్రం కోలగా సాగింది. టార్చి పట్టుకున్న నాకే కనపడేంతగా. మావాడు టేబుల్‌కి ఎర్ర ట్యాగు కట్టేశాడు. ఓనరు ఒంగోలు నుంచి ఫోనులో కేకలేశాడు. కంటైనరు రేపు సాయంత్రం పోర్టుకి పోవాలట. మావాడు మొత్తం విని, "అవును సార్, అవును సార్" అని, ట్యాగు తియ్యకుండానే సంచీ సర్దుకున్నాడు. నాకు మావాడి మీద గౌరవం కలిగింది. ఒక అనుమానం కూడా: రాత్రికి ఆ ట్యాగు ఉంటుందా? ఉన్నా పక్కకి తిప్పి పని కానిస్తారా?

నెల్లూరులో రాత్రి బస, చేపల పులుసు. దాని గురించి అందరూ రాసిందే, నేను కొత్తగా చెప్పేదేం లేదు, రెండోసారి వేయించుకున్నానని తప్ప. మర్నాడు నాయుడుపేట దాటి సూళ్లూరుపేటలో ఎడమకి తిరిగి శ్రీహరికోట రోడ్డెక్కాం. రెండు పక్కలా పులికాట్. నీళ్లు లోతు లేవు, చాలాచోట్ల బురద మెరుపే. దూరంగా గులాబీ అంచుతో తెల్లటి గీత. అవే ఫ్లెమింగోలు. తలకిందులుగా ముక్కు ముంచి, బురద వడగట్టి తింటూ, అడుగులో అడుగు. బైనాక్యులర్స్ మావాడికిస్తే ఒక నిమిషం చూసి, "ఆ మోకాలు వెనక్కి వంగుతుందేంటి మావయ్యా?" అన్నాడు. అది మోకాలు కాదు, చీలమండ. మోకాలు పైన ఈకల్లో ఉంటుందని చెప్పాను. వాడు ఇంకో నిమిషం చూశాడు, ఈసారి ఆ కీలుని. నా యాత్ర అక్కడికి తీరిపోయింది. వాడి పని ఇంకా మిగిలుంది.

తడ దగ్గర జాతీయ రహదారి దిగి శ్రీసిటీలోకి పోతే వరదయ్యపాళెం, సత్యవేడు పల్లెల మధ్య ఇంకో దేశం మొదలైనట్టుంటుంది. 2008లో మొదలైన పారిశ్రామికవాడ. వెడల్పాటి రోడ్లు, జపాన్ పేర్లు, కొరియా పేర్లు, షిఫ్టు మారే వేళ బస్సుల్లోంచి దిగే వందలమంది ఆడపిల్లలు, తెలుగూ తమిళమూ కలిపి మాట్లాడుకుంటూ. గేటు దగ్గర నా ఫోను కెమెరాకి స్టిక్కరు అంటించి, పాదాలకి ఇనప ముక్కున్న బూట్లు తొడిగించి, పచ్చ కోటు వేయించి లోపలికి పంపారు.

ఇక్కడి టేబుల్ గోతిలో ఉంటుంది. దిగితే పలక నేలతో సమానం, పాలెట్ ట్రక్కు నేరుగా ఎక్కేస్తుంది. చుట్టూ మడతల రబ్బరు తెర, కాళ్ల మధ్యకి చెయ్యి పోకుండా. బటన్ నొక్కి పట్టుకున్నంతసేపే కదులుతుంది, వదిలితే ఆగుతుంది. పెడల్ మీద ఇనప టోపీ, పైనుంచి ఏదైనా పడితే దానంతటదే తొక్కుడుపడకుండా. గుంటూరులో లేనివన్నీ ఇక్కడున్నాయి. గోడ మీద ఒక పట్టిక కూడా ఉంది. యంత్రంలో దగ్గరికొచ్చే రెండు భాగాల మధ్య కనీసం ఎంత సందు మిగలాలో చెప్పే ఐఎస్ఓ 13854 అంకెలు. వేలికి 25 మిల్లీమీటర్లు. కాలివేళ్లకి 50. అరచేతికి, పిడికిలికి 100. మొత్తం చేతికి 120, పాదానికీ 120. కాలుకి 180. తలకి 300. ఒంటికి 500.

అక్కడ చాలాసేపు నిలబడిపోయాను. మనిషిని కింది నుంచి పైకి, పై నుంచి కిందికి వర్ణించిన కావ్యాలు చదివినవాణ్ణి. యంత్రం మధ్య ఇరుక్కోకుండా ఉండడానికి ఎవరో కూర్చుని మనిషిని అవయవం అవయవంగా కొలిచారు. ఎవరి తలని కొలిచారో, ఏ ప్రమాదాల తర్వాత కొలిచారో. ఈ గోతిలో పలక అంచుకీ గోతి అంచుకీ మధ్యనున్న సందు కత్తెరలా పనిచేస్తుంది, అందుకే ఇక్కడ గుంటూరులో కన్నా టో గార్డు అవసరం ఎక్కువ. యూరప్‌లో లిఫ్ట్ టేబుళ్ల కోసమే ఈఎన్ 1570 అని ప్రమాణం ఉంది, అమెరికాలో ఎంహెచ్ 29.1. ఈ టేబుల్ మీద ఆ యూరప్ అంకె చెక్కి ఉంది.

ఫిర్యాదు చిన్నదే. రాత్రి లేపి వదిలేస్తే పొద్దున్నకి ఒక బెత్తెడు దిగి ఉంటోంది. సూపర్‌వైజరు కుర్రాడు, ఇంజినీరింగ్ చదివినవాడు, చురుకైనవాడు. లైను ఆగిపోయిందన్న కంగారు మొహంలో కనిపిస్తోంది. "మెయిన్ ఆఫ్ చేశాను సార్. కింద వాల్వొక్కటే కదా, రెండు నిమిషాల్లో చూసేయండి" అన్నాడు.

మావాడు మెయిన్ మళ్లీ ఆన్ చేశాడు.

కుర్రాడికి అర్థం కాలేదు. మావాడు చేసిన వరస ఇది. ముందు పలక మీదున్న పెట్టెలన్నీ దింపించాడు. టేబుల్‌ని ఖాళీగా పూర్తిగా లేపాడు. ఇప్పుడు కాళ్ల మధ్య, పట్టాలో చక్రం వెనక్కి జరగకుండా అడ్డుపెట్టే ఇనపకడ్డీలు రెండు కావాలి. ప్రతి టేబుల్‌తోనూ కంపెనీవాళ్లు ఇస్తారు, పసుప్పచ్చ రంగు వేసి. వాటిని పెట్టాక టేబుల్‌ని మెల్లగా దించి బరువంతా కడ్డీల మీద కూర్చోబెట్టాలి. దించే బటన్ ఇంకాసేపు పట్టుకుని సిలిండరులో మిగిలిన ఒత్తిడి కూడా పోగొట్టాలి. ఆ తర్వాతే మెయిన్ ఆఫ్, దానికి తాళం, తాళంచెవి జేబులో. ముందే ఆఫ్ చేస్తే లేపడం ఎలా, కడ్డీల మీద కూర్చోబెట్టడం ఎలా? పైగా ఆఫ్ చేసి ఉందన్న ధీమాతోనే మనిషి కిందికి దూరతాడు. ఆ కడ్డీలు ఖాళీ పలక కోసం లెక్కగట్టినవి, మీద సరుకుంటే వాటి మీదా నమ్మకం పెట్టుకోకూడదు.

కడ్డీలు ఉండాల్సిన చోట లేవు. టేబుల్ ఫ్రేములో వాటి కొక్కేలు మాత్రం ఖాళీగా ఉన్నాయి. స్టోరులో లేవు, టూల్ రూములో లేవు. కుర్రాడు వాచీ చూసుకుంటున్నాడు. "కొయ్యదిమ్మ పెట్టుకుందాం సార్, మొన్న అట్లాగే చేశాం" అన్నాడు. మావాడు ఇనపపెట్టె మీద కూర్చుని మంచినీళ్ల సీసా మూత తిప్పాడు. వెతికిన తర్వాతే పని అన్నమాట. చివరికి ఒకటి స్టోరు తలుపు గాలికి మూసుకోకుండా అడ్డుగా పెట్టి ఉంది, రెండోది క్యాంటీను వెనక తలుపుకి. పసుపురంగు చెక్కుచెదరలేదు.

కడ్డీలు కూర్చున్నాక కింది పని నిజంగానే రెండు నిమిషాలు. దించే వాల్వు విప్పి, లోపలి గుండు కూర్చునే చోటు మీద టార్చి వేశాడు. పట్టుకారుతో పైకి తీసింది చూస్తే ఇనపరజను తునక, వెంట్రుక కంటే కాస్త మందం. నూనె మార్చినప్పుడు ఫిల్టరు లేకుండా పోసి ఉంటారు. ఆ తునక వల్ల వాల్వు పూర్తిగా మూసుకోక నూనె రాత్రంతా జారుతోంది. ఇదే తునక ఇంకొంచెం కదిలి ఉంటే అదే దారిలో పలక ఒక్కసారిగా దిగేది. కొయ్యదిమ్మ పెట్టి కిందికి పోయిన మొన్నటి రోజున కూడా. కుర్రాడు ఆ తునకని అరచేతిలో వేసుకుని చూస్తూ మొన్న కిందికి దూరిన మనిషి పేరు గొణిగాడు.

టేబుల్ లేపి, కడ్డీలు తీసి, మీద సరుకు పెట్టి, టో గార్డుకి నాలుగువైపులా కొయ్యముక్క తగిలించి చూశాక మావాడు రిపోర్టు రాయడం మొదలుపెట్టాడు. కుర్రాడు కడ్డీలు రెండూ భుజాన వేసుకుని స్టోరు వైపు కదిలాడు. ఆ టేబుల్ దగ్గర పనిచేసే అమ్మాయి, సత్యవేడు పక్క ఊరట, అంతదాకా ఏమీ మాట్లాడకుండా పక్కన నిలబడి ఉంది. "సార్, అవి స్టోరుకి వద్దు" అంది. "ఇక్కడే గొలుసేసి కట్టించండి, నా కళ్ల ముందు. తలుపులకి వాళ్లు ఇంకేదైనా వెతుక్కుంటారు."